నిస్తంత్రి అందని ల్యాప్‌టాపు

రేడియో గల ఇంటివారికి నిస్తంత్రి తరంగములను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ముల్లు కొంచెము తొలగినచో గరగర వినవచ్చును; ఏరియలు ఊడినచో ధ్వని సన్నగిల్లును. ల్యాప్‌టాపులోని వైఫై అడాప్టరు కూడ ఒక చిన్న రేడియోయే. అయితే అది వినుటయే కాక బదులు కూడ పలుకును. 1000 కిలోహెర్ట్‌జ్ మధ్యమ తరంగము పొడవు 300 మీటర్లు. వైఫైలో వాడు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, జానెడైనను లేదు.

ఇంతకన్న ముఖ్యమైన భేదము మరియొకటి గలదు. రేడియో మీట త్రిప్పగానే పలుకును. అడాప్టరు అట్లు పలుకదు. దానికిని, విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ ఒక దుబాసి ఉండవలెను. ఆ దుబాసియే డ్రైవరు. అది చేతికి దొరకు వస్తువు కాదు, ఒక ప్రోగ్రాము. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ మున్నగు సంస్థల అడాప్టరులకు వేటి డ్రైవరులు వాటికే యుండును. దుబాసి లేనిచో పరికరము ఆరోగ్యముగ నుండియు మూగవోవును. తెలియనివారు అది కాలిపోయినదని తలంచి క్రొత్తదానిని కొనుటకు సిద్ధపడుదురు.

ఎండల మల్లికార్జునుడు వెలసిన రావివలసలో ఒక విద్యార్థి పరీక్షకు దరఖాస్తు పంపవలసి యున్నదనుకొందము. గడువు ఆ రాత్రితో సరి. తెరపై వైఫై గుర్తు మాయమైనది. టెక్కలిలోని మరమ్మతు దుకాణములు మూసివేసిరి. అతడేమి చేయవలెను?

మొదట దోషము ల్యాప్‌టాపు లోపలనా, వెలుపలనా అని తేల్చుకొనవలెను. అదే చోట సెల్‌ఫోనును అదే వైఫైకి కలిపి చూడవలెను. ఫోనుకును అందకున్నచో లోపము రౌటరుదో, దానికి వచ్చు తీగదో కావచ్చును. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున విద్యుత్ స్తంభములు నేలగూలినవి, ఫోనులు మూగవోయినవి. అట్టి వేళ ల్యాప్‌టాపును ఎంత సవరించినను ఫలము లేదు. ఫోనుకు అంది, ల్యాప్‌టాపునకు అందనప్పుడే ముందునకు సాగవలెను.

పిమ్మట ఎయిర్‌ప్లేన్ మోడ్ చూడుడు. కీబోర్డు పై వరుసలోని మీట పొరపాటున నొక్కబడుటచే వైఫై ఆగిపోవుట తరచుగా జరుగును.

అదియు సరిగా నున్నచో స్టార్టు గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజరును తెరచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ అను వరుసను పరిశీలింపుడు. అడాప్టరు పేరుపై క్రిందికి చూపు బాణము ఉన్నచో ఎవరో దానిని ఆపివేసిరని అర్థము. ఎనేబుల్ అన్నచో చాలును. పసుపుపచ్చని త్రికోణము ఉన్నచో అనుమానము డ్రైవరుపైననే. పేరుపై రెండుసార్లు నొక్కినచో కారణము ఒక అంకెగా కనిపించును. 28 అనగా డ్రైవరు లేదని. 10 అనగా పరికరము మొదలుకాలేకపోయినదని. పేరే లేక, అదర్ డివైసెస్ అను వరుసలోను కనబడనిచో కార్డు వదులైనదేమో, చెడిపోయినదేమో. అది పనివాడు చూడవలసిన విషయము.

త్రికోణము కనిపించినప్పుడు మొదట రీస్టార్టు చేయుడు. షట్‌డౌన్ చాలదు, ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటువలన విండోస్ తన పూర్వస్థితిని కొంత దాచుకొని మరల దానితోనే మేల్కొనును. అప్‌డేటు తరువాత చిక్కు మొదలైనచో రోల్ బ్యాక్ డ్రైవర్ అను మీటతో పాత డ్రైవరును తిరిగి రప్పింపవచ్చును. ఆ మీట పనిచేయకున్నచో అన్‌ఇన్‌స్టాల్ డివైస్ అనుడు. డ్రైవరును తొలగింపుమను గడిలో మాత్రము గుర్తు పెట్టవలదు. రీస్టార్టు కాగానే విండోస్ అడాప్టరును తానే గుర్తించి డ్రైవరును అమర్చుకొనును. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. పాత ల్యాప్‌టాపులను విండోస్ 11కు మార్చినవారికి ఈ ఉపాయములు మరింత అవసరపడును.

ఇన్ని చేసినను ఫలింపనిచో డ్రైవరును క్రొత్తగా తెచ్చుకొనవలెను. డ్రైవరు తెచ్చుటకు నెట్టు కావలెను. నెట్టు రావలెనన్న డ్రైవరు కావలెను. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదరదన్నట్లుండును. దీనికి మార్గము చేతిలోని ఫోనే. దానిని కేబులుతో ల్యాప్‌టాపునకు కలిపి, సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ తెరచినచో ఫోనులోని మొబైలు డేటా తీగవెంట వచ్చును. దానికి వైఫై డ్రైవరుతో పని లేదు.

అప్పుడు ఆ విద్యార్థి మొదట చేయవలసినది దరఖాస్తు పంపుట. మరమ్మతు మరునాడైనను కాగలదు. ఆ తరువాత ల్యాప్‌టాపు అడుగున వ్రాసియున్న మోడలు సంఖ్యను చూచి, తయారుచేసిన సంస్థ వారి వెబ్‌సైటునుండియే డ్రైవరును దింపుకొనవలెను. ఏ యంత్రమునకైనను డ్రైవరు ఇత్తుమను అపరిచిత స్థలములవలన వైరసు దాపురింపవచ్చును. ల్యాప్‌టాపు చక్కగా పనిచేయుచున్నవారు ఆ ఫైలును నేడే ఒక పెన్‌డ్రైవులో భద్రపరచుకొని, దానిపై మోడలు సంఖ్య వ్రాసి ఉంచుకొనుట మేలు.