ఇసుకరాతికి మెరుగు, పూత

కోనసీమలో ఇంటి పునాది త్రవ్వినచో రాయి తగులదు. గోదావరి పాయలు తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే తగులును. కావున అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో అరుగులకు, మెట్లకు కావలసిన రాయి బయటినుండి రావలసినదే. డెల్టా తలాపున రాజమహేంద్రవరము, ధవళేశ్వరముల చుట్టు ఇసుకరాతి పొరలు కలవు. వీనిని భూగర్భ శాస్త్రజ్ఞులు రాజమండ్రి ఇసుకరాళ్లందురు. ఇట్టి రాతిని ఇంటికి వాడదలచినవారు దాని స్వభావము తెలిసికొనవలెను.

ఇసుకరాయి అనగా ఇసుక రేణువులు సున్నము, ఇనుప తుప్పు, బంకమన్ను వంటి పదార్థములతో అతుకుకొని గట్టిపడిన రాయి. రేణువులలో అధికభాగము స్ఫటికము. దాని కాఠిన్యము 7. సున్నపు అతుకుది 3 మాత్రమే. మెరుగు పెట్టునపుడు మెత్తని అతుకు ముందరిగి, రేణువులు ఊడిపోయి, గుంటలు పడును. వానిపై వెలుగు చెదరును. అందుచేత ఇసుకరాయి చలువరాతివలె మెరయదు. దానిని నునుపు చేసి ఆపుటయే మేలు. వానలో మెట్లపై కాలు జారకుండుటకు గూడ ఇదియే మంచిది.

రేణువుల నడుమ సూక్ష్మరంధ్రములుండుటచే ఈ రాయి నీరు పీల్చును. ఎండిన రాతిముక్కను తూచి, ఒక దినము నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి మరల తూచుడు. 2000 గ్రాముల ముక్క 2100 గ్రాములైనచో నూటికి 5 వంతుల నీరు పీల్చినదన్నమాట.

నీటిని ఆపు పూతలు రెండు విధములు. వార్నిషు వంటివి రాతిపై పొరగా నిలిచి రంధ్రములను మూయును. సిలేను వంటి సిలికాను సమ్మేళనములు రంధ్రములలోనికి దిగి వాని గోడలకు అంటుకొనును. అప్పుడు చేమాకుపైవలె నీరు బొట్టుగా నిలుచును. రంధ్రములు మూతపడవు గనుక ఆవిరి బయటికి పోగలదు.

కోనసీమలో చెమ్మ పైనుండియే గాక క్రిందినుండియు వచ్చును. భూజలము లోతున లేదు. సముద్రతీర గ్రామములలో దానియందు ఉప్పు గూడ కలదు. దీపపు వత్తిలో నూనెవలె ఆ నీరు రాతిలో పైకెక్కును. నీరు ఆవిరికాగా ఉప్పు స్ఫటికములు మిగిలి, పెరిగి, రేణువులను విడదీయును. దీనినే మనవారు చౌడు పట్టినదందురు. వార్నిషు పొర ఉన్నచో ఉప్పు దాని వెనుకనే పేరుకొని, పొరతోపాటు రాతి పెచ్చులు గూడ ఊడును. ఉప్పునీరు ఆగకుండ ఎక్కుచుండిన యెడల సిలేను పూతకును ఈ ముప్పు తప్పదు.

కనుక పనిలో వరుస ముఖ్యము. మొదట పునాదిపై చెమ్మ ఎక్కకుండ అడ్డుపొర వేయవలెను. రాయి పరచి, నునుపు చేసి, కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. పిదప ఆవిరిని పోనిచ్చు పూత పూయవలెను. ఈ వరుస తప్పినచో పూతకు పెట్టిన సొమ్ముతోపాటు రాయియు నష్టమగును.

పూత శాశ్వతము కాదు. ఏటేట వానలకు ముందు రాతిపై ఒక నీటిబొట్టు వేసి చూడుడు. బొట్టు నిలిచినచో పూత ఉన్నట్లు. ఇంకి మచ్చపడినచో మరల పూయవలసిన సమయము వచ్చినట్లు.