శీతాకాలం తరువాత మోటారు సైకిలు

లడఖ్ వంటి మంచు ప్రాంతాలలో శీతాకాలమంతా మోటారు సైకిలును కప్పి ఉంచుతారు. వేసవి తొలినాళ్ళలో తాళం తిప్పితే దీపం వెలగదు, హారన్ మోగదు. అంతమాత్రాన కొత్త బ్యాటరీ కొనడం తొందరపాటు. విద్యుత్తు లేకపోవడం వేరు, ఉన్న విద్యుత్తుకు దారి లేకపోవడం వేరు.

ఈ భేదాన్ని మల్టీమీటరు తేలుస్తుంది. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల సీసపు బ్యాటరీ విశ్రాంత స్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లే. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను క్షీణిస్తుంది. పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడితే మళ్ళీ ఛార్జి సరిగా నిలవదు. పైగా ఖాళీ బ్యాటరీలో ఆమ్లం పలచబడి, తీవ్రమైన చలికి గడ్డకట్టవచ్చు. అటువంటి దానిని ఛార్జి చేయరాదు.

తాళం తిప్పినప్పుడు కూడా బ్యాటరీ వద్ద వోల్టేజి నిలిచి, దీపం మాత్రం వెలగకపోతే దోషం దారిలోనే ఉన్నది. టెర్మినళ్ళకు చిలుము పట్టిందేమో, బిగింపు వదులైందేమో చూడాలి. శుభ్రపరచేందుకు ముందుగా ఋణ టెర్మినల్‌ను విప్పాలి. తరువాత ప్రధాన ఫ్యూజును పరీక్షించాలి. ఎలుకలు తీగలు కొరకడమూ అరుదు కాదు.

కాలిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టడం కొందరి చిట్కా. ఇది మిక్కిలి ప్రమాదకరం. అధిక విద్యుత్ ప్రవాహానికి ఫ్యూజు తాను కరిగి వాహనాన్ని కాపాడుతుంది. మందపాటి రాగితీగ కరగదు, లోపలి తీగలే కాలుతాయి.