మాచా చిలికే చాసెన్: ఎంపికలో చూడవలసినవి

జపాన్‌లో మాచా తేనీటిని కలపడానికి వాడే వెదురు పనిముట్టును చాసెన్ అంటారు. జానెడు కూడా లేని ఒకే ఒక్క వెదురు ముక్కను తీసుకుని, ఒక సగాన్ని పిడిగా ఉంచి, రెండో సగాన్ని పదుల కొద్దీ సన్నని ఈనెలుగా చీల్చి దీన్ని తయారుచేస్తారు. ఇందులో జిగురు ఉండదు, మేకు ఉండదు, లోహం అసలే ఉండదు. ఈనెలను లోపలి వరుస, బయటి వరుసగా విడదీసి నిలబెట్టేది వాటి మధ్య అల్లిన నూలు దారమే. చూడటానికి అన్నీ ఒకేలా కనిపించినా ఈనెల సంఖ్య, వాటి మందం, చివర వంపు, వెదురు రకం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. ఏ తేనీటికి ఏ చాసెన్ సరిపోతుందో ఆ తేడాలే నిర్ణయిస్తాయి.

మాచా మామూలు టీ లాంటిది కాదు. మామూలు టీలో ఆకు సారం నీటిలోకి దిగాక ఆకును వడకట్టి పారేస్తారు. మాచాలో ఆకునే తాగుతారు. కోతకు ముందు దాదాపు మూడు వారాలు తేయాకు మొక్కలకు నీడ కడతారు. కోసిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, తొడిమలూ ఈనెలూ తీసేసి, మిగిలిన ఆకును రాతి తిరగలిలో నెమ్మదిగా విసురుతారు. అలా వచ్చే పొడి రేణువులు మిల్లీమీటరులో నూరో వంతు దరిదాపుల్లో ఉంటాయి. ఇవి నీటిలో కరగవు, తేలియాడతాయి. అంత మెత్తని పొడి మీద వేడినీళ్లు పోస్తే పైపొర తడిసి జిగటగా మారుతుంది, లోపలి పొడి పొడిగానే చిక్కుకుపోయి ఉండ కడుతుంది. చెంచాతో తిప్పితే ఆ ఉండలు నీటితో పాటు గుండ్రంగా తిరుగుతాయే గాని విడిపోవు. సన్నని ఈనెలు వేగంగా ముందుకూ వెనక్కూ కదిలినప్పుడు ఆ ఉండలు చీలుతాయి, పొడి నీరంతటా పరుచుకుంటుంది, గాలి కూడా లోపలికి చేరుతుంది. తేయాకులో సహజంగా ఉండే సపోనిన్లు ఆ గాలి బుడగలను పట్టి ఉంచడం వల్ల పైన నురుగ నిలుస్తుంది.

తెలుగింటి కవ్వానికీ దీనికీ పని పద్ధతిలోనే తేడా ఉంది. కవ్వం అటూ ఇటూ తిరుగుతూ మజ్జిగలోని కొవ్వు రేణువులను ఒకదానికొకటి తగిలించి వెన్నగా చేరుస్తుంది. చాసెన్ గుండ్రంగా తిరగకూడదు, చేరి ఉన్న రేణువులను అది విడదీయాలి. అందుకే మణికట్టును వదులుగా ఉంచి, గిన్నెకు అడ్డంగా, తిన్నగా ముందుకూ వెనక్కూ ఆడిస్తారు.

ఈ పనికి వెదురునే ఎంచుకోవడానికి దాని నిర్మాణమే కారణం. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి మొక్క. బొంగులోని బలమైన నార కట్టలన్నీ కణుపుకూ కణుపుకూ మధ్య నిలువుగా సాగుతాయి. అడ్డంగా పోయే కణజాలం అక్కడ లేదు కాబట్టి కత్తి పెడితే చివరిదాకా తిన్నగా చీలుతుంది. ఆ నార కట్టలు బొంగు లోపలి వైపు పలచగా, బయటి వైపు ఒత్తుగా ఉంటాయి. అంటే బలమూ స్ప్రింగు గుణమూ బయటి పొరలోనే ఎక్కువ. చాసెన్ పనివారు లోపలి మెత్తని భాగాన్ని తీసేసి బయటి పొరను మాత్రమే ఈనెలుగా మలచడం ఇందుకే. పైగా వెదురు నీటిని పీల్చుకుని మెత్తబడి, ఆరాక మళ్లీ గట్టిపడుతుంది. తడిసిన ఈనె వంగినా విరగదు, గిన్నె గోడకు తగిలినా గీత పడనివ్వదు. లోహపు తీగ అయితే గిన్నెకు గీతలు పడే ప్రమాదం ఉంది.

పొడి చేసిన తేయాకును వెదురుతో చిలకడం చైనాలో సోంగ్ రాజుల కాలం నాటి అలవాటు. హుయిజోంగ్ చక్రవర్తి 1107 ప్రాంతంలో తేనీటి మీద రాసిన గ్రంథంలో ఈ పనిముట్టు ప్రస్తావన ఉంది. చైనాలో తర్వాతి కాలంలో ఆకును నీటిలో నానబెట్టి తాగే పద్ధతి స్థిరపడి పొడి తేనీరు వెనకబడింది. 1191లో చైనా నుంచి తిరిగివచ్చిన ఈసాయ్ అనే జెన్ భిక్షువు జపాన్‌లో తేనీటి అలవాటుకు ఊతమిచ్చాడు. పొడి తేనీరు అక్కడ వేళ్లూనుకుంది. పదిహేనో శతాబ్దంలో నిరాడంబరమైన తేనీటి పద్ధతికి పునాది వేసిన మురాతా జుకో కోరిక మీద, నారా ప్రాంతంలోని తకయామా ప్రభువు కుటుంబానికి చెందిన సోసెత్సు చాసెన్‌ను రూపొందించాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. నేటి నారా రాష్ట్రం ఇకోమా నగరంలో భాగమైన ఆ తకయామాలోనే ఐదు వందల ఏళ్లుగా ఈ పని సాగుతోంది. జపాన్‌లో తయారయ్యే చాసెన్‌లలో దాదాపు 90 శాతం అక్కడివే. 1975లో జపాన్ ప్రభుత్వం తకయామా చాసెన్‌ను జాతీయ సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

తయారీ తెలిస్తే ఎంపిక సులువవుతుంది, ఎందుకంటే మంచి చాసెన్‌లో కనిపించే ప్రతి గుణమూ తయారీలో ఏదో ఒక దశలో వచ్చిందే. రెండు మూడేళ్లు ఎదిగిన వెదురును చలికాలంలో నరుకుతారు. మరగబెట్టి నూనె, మురికి తీసి, చలికాలపు ఎండలో పొలాల్లో గుడారాల్లా నిలబెట్టి ఆరబెడతారు. ఆ తర్వాత గోదాములో ఏడాది పైగా నిల్వ ఉంచుతారు. బాగా ఆరిన బొంగును ముక్కలుగా కోసి, ప్రతి ముక్క పైసగం మీది చర్మాన్ని గీకి, ముందుగా 16 బద్దలుగా చీలుస్తారు. బద్దలు ఊడిరావు, పిడిని అంటుకునే ఉంటాయి. వాటిని బయటికి వంచి లోపలి మెత్తని భాగాన్ని తొలగిస్తారు. సాధారణ రకంలో ఒక్కో బద్దను మళ్లీ పది ఈనెలుగా చీలుస్తారు. మొత్తం 160 ఈనెలు: ఒకటి లావు, ఒకటి సన్నం, అలా ఒకదాని పక్కన ఒకటి. తర్వాత లావువి 80 బయటి వరుసలోకి, సన్నవి 80 లోపలి వరుసలోకి పోతాయి.

అసలు నైపుణ్యం ఆ తర్వాతి దశలో ఉంది. దాన్ని అజికెజురి అంటారు. ఈనెల చివరలను వేడినీటిలో నానబెట్టి, మొదలు నుంచి చివరికి పోయేకొద్దీ పలచబడేలా లోపలి వైపు నుంచి చెక్కుతారు. కొస దగ్గర ఈనె వెలుతురు కనిపించేంత పలచగా ఉండాలి. తర్వాత కొసలను చేతితో సాగదీస్తూ లోపలికి వంపు తిప్పుతారు. ఈ చెక్కుడును బట్టి తేనీటి రుచే మారుతుందని తకయామా పనివారి నమ్మకం. ఇది అతిశయోక్తి కాదు. ఈనె ఎక్కడ వంగాలో, ఎంత వేగంగా తిరిగి నిలబడాలో చెక్కుడే తేలుస్తుంది. బుడగల పరిమాణం దాన్ని బట్టే ఉంటుంది. బుడగలు ఎంత చిన్నవైతే మాచా నాలుకకు అంత మృదువుగా, చేదు తక్కువగా తోస్తుంది. ఆ పిదప బయటి ఈనెల అంచులను ఒక్కొక్కటిగా చెక్కి నునుపు చేస్తారు. లేకపోతే పొడి అంచులకు అంటుకుని తేనీటిలోకి దిగదు. చివరగా దారంతో అల్లి, ఈనెల మధ్య ఎడం సమం చేస్తారు. ఇంత పనిలోనూ యంత్రం కంటే చిన్న కత్తులకే, వేళ్లకే ఎక్కువ పాత్ర.

దుకాణంలో మొదట కంటపడేది ఈనెల సంఖ్య. 64, 72, 80, 100, 120 అని పెట్టెల మీద రాసి ఉంటుంది. 16 నుంచి 36 దాకా మాత్రమే ఈనెలుండే మోటు రకాలు కూడా ఉన్నాయి. ఈ లెక్క సాధారణంగా బయటి వరుసదే. బొంగు చుట్టుకొలత ఇంచుమించు ఒకటే కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ఈనె సన్నబడక తప్పదు. సన్నని ఈనెలు ఎక్కువైతే నురుగ త్వరగా, మెత్తగా వస్తుంది, కాని ఆ ఈనెలు త్వరగా విరుగుతాయి కూడా. పెద్ద సంఖ్య అంటే మేలైన సరుకు అనే అభిప్రాయం వ్యాపారంలో బాగా పాకింది. అది తప్పు. చెక్కుడు బాగాలేని 120 ఈనెల చాసెన్ కంటే చక్కగా చెక్కిన 80 ఈనెలది ఎన్నో రెట్లు మేలు.

సంఖ్యను నిర్ణయించాల్సింది తాగబోయే తేనీరే. మాచాలో రెండు విధాలున్నాయి. ఉసుచా అనే పలచని తేనీటికి సుమారు 2 గ్రాముల పొడి, 60 నుంచి 70 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. దీన్ని నురుగ వచ్చేలా చిలుకుతారు. కోయిచా అనే చిక్కని తేనీటికి మనిషికి దాదాపు 4 గ్రాముల పొడి వేసి, అంతకంటే తక్కువ నీటితో నెమ్మదిగా మెదుపుతారు. నురుగ రానివ్వరు. అది పాకంలా చిక్కగా ఉంటుంది కనుక సన్నని ఈనెలు ఆ బరువుకు ఆగలేవు, వంగిపోయి విరుగుతాయి. కోయిచాకు తక్కువ సంఖ్యలో లావు ఈనెలున్నది కావాలి. ఉసుచాకు 72 నుంచి 100 వరకు ఏదైనా నప్పుతుంది. హైదరాబాద్ కెఫేల్లో ఇప్పుడు కనిపించే మాచా లాటే లాంటి పాల పానీయాలకు ముందుగా కొద్ది నీటిలో పొడిని కలిపేది కూడా ఉసుచా పద్ధతిలోనే కాబట్టి 80 ఈనెలది చాలు.

వెదురు రకం విషయంలో సంప్రదాయానిదే పైచేయి. తేనీటి గురువు సెన్ నో రిక్యూ వంశం నుంచి వచ్చిన మూడు తేనీటి పీఠాల్లో ఉరాసెంకే తెల్ల వెదురును, ఒమోతెసెంకే పొగబారిన వెదురును, ముషాకోజిసెంకే నల్ల వెదురును వాడతాయి. నురుగ విషయంలోనూ వాటి అభిరుచులు వేరు. ఉరాసెంకే గిన్నె నిండా మెత్తని నురుగను కోరుతుంది. మిగిలిన రెండు పీఠాలూ అంత నురుగను ఇష్టపడవు. పొగబారిన వెదురు కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. జపాన్ పల్లెల్లోని గడ్డి కప్పుల ఇళ్లలో పొయ్యి ఇంటి మధ్యన ఉండేది. పైకప్పులో వాడిన వెదురు వంద, నూట యాభై ఏళ్లు ఆ పొగ తాగి ముదురు గోధుమ రంగుకు మారేది. ఆ ఇళ్లు కూల్చినప్పుడు దొరికే బొంగులే దీనికి ముడిసరుకు. అలాంటి ఇళ్లు కనుమరుగవుతున్నకొద్దీ ఈ వెదురు అరుదై, ధర పెరుగుతోంది. ఏదైనా పీఠం పద్ధతిలో నేర్చుకునేవారు తమ గురువు చెప్పిన రకాన్నే తీసుకోవాలి. ఇంట్లో తాగేవారికి తెల్ల వెదురు అన్ని విధాలా సరిపోతుంది. దారం రంగు సందర్భాన్ని బట్టి మారుతుందే గాని పనితనంతో దానికి సంబంధం లేదు.

మార్కెట్‌లో చవకగా దొరికే చాసెన్‌లలో చాలా భాగం చైనాలో తయారైనవి. వాటిలో పనికొచ్చేవి లేకపోలేదు. అయితే ఈనెల మందం పొడవునా ఒకేలా ఉండటం, కొస పలచబడకపోవడం, అంచులు నునుపు చేయకపోవడం చవక సరుకులో తరచు కనిపించే లోపాలు. అలాంటి ఈనె కొస దగ్గర కాక మొదట్లో వంగుతుంది. అక్కడే చిట్లుతుంది. చేతిలోకి తీసుకున్నప్పుడు పైనుంచి చూస్తే బయటి ఈనెల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి, లోపలి ఈనెలు నడిమధ్యన ఒద్దికగా కూడి ఉండాలి. పక్కనుంచి చూస్తే కొసలన్నీ ఒకే ఎత్తులో నిలవాలి. దారం బిగుతుగా, ముళ్లు బయటికి కనిపించకుండా ఉండాలి. అస్వాభావికమైన తెలుపు, ఘాటైన వాసన, పిడి మీద నల్ల మచ్చలు ఉంటే వదిలేయడమే మంచిది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ‘జపనీస్ శైలి’ అనే మాటకూ ‘జపాన్‌లో తయారైనది’ అనే మాటకూ తేడా గమనించాలి. తకయామా పేరు స్పష్టంగా రాసి ఉందో లేదో చూడాలి.

ఎంత మంచి చాసెన్ అయినా వాడకం తెలియకపోతే నెల తిరక్కుండానే పాడవుతుంది. చిలికే ముందు ప్రతిసారీ వేడినీటిలో కాసేపు ముంచి ఈనెలను మెత్తబరచాలి. పొడి ఈనెలతో చిలికితే అవి విరుగుతాయి. కొత్త చాసెన్‌లో చుట్టుకుని ఉన్న మధ్య ఈనెలు తొలి వాడకంలోనే విచ్చుకుంటాయి. అది లోపం కాదు. పొడిని ముందుగా జల్లెడ పడితే ఉండల బెడద సగం తగ్గుతుంది, ఈనెల మీద భారమూ తగ్గుతుంది. కొసలను గిన్నె అడుగున నొక్కి రాయకూడదు. చిలికాక వట్టి నీటితోనే కడగాలి. సబ్బు వాసనను వెదురు పీల్చుకుంటుంది, తర్వాతి తేనీటిలో అది తెలుస్తుంది. ఆరబెట్టడానికి కుసెనవోషి అనే పింగాణీ దిమ్మ దొరుకుతుంది. చాసెన్‌ను దాని మీద బోర్లిస్తే ఈనెల వంపు చెదరదు. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ డబ్బా రవాణా కోసమే. తడి చాసెన్‌ను అందులో మూస్తే బూజు పట్టడం ఖాయం. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీర పట్టణాల తేమలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచాలి.

చాసెన్ శాశ్వతమైన వస్తువు కాదు. అరిగేదే. కొసలు ఒకటీ రెండూ విరగడం మొదలైతే మార్చాలి, లేకపోతే ఆ ముక్కలు తేనీటిలో కలుస్తాయి. జపాన్‌లో వాడి అరిగిపోయిన చాసెన్‌లను గుళ్లకు చేర్చి, కృతజ్ఞతతో దహనం చేసే ఆచారం ఉంది.

మొదటిసారి కొనేవారికి తకయామాలో తయారైన, తెల్ల వెదురుతో చేసిన, 80 ఈనెల చాసెన్ ఒక్కటి చాలు. దాని ధర చవక సరుకు కంటే ఎక్కువే, కాని ఆ ధరలో ఏడాది పైగా ఆరిన వెదురు ఉంది, ఒక్కో ఈనె మీద ఆగి చెక్కిన చేయి ఉంది. తకయామాలో ఇప్పుడు ఈ పని చేస్తున్నవి సుమారు ఇరవై కుటుంబాలే.