నర్సమ్మ పద్దు: కొనేది ఒకరు, రాసేది ఒకరు

గరిడేపల్లి: కరెంటు మీటరు చూసి రాసుకుపోతే బిల్లు చేతికి వస్తుంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తూకం రాసుకుపోతే ఖాతాలో డబ్బు పడుతుంది. ఇంటికి వచ్చిన నర్సమ్మ రాసుకుపోయిన పద్దు ఎక్కడికి పోతుందో, దానితో ఏం వస్తుందో మాత్రం పల్లెల్లో చాలామందికి తెలియదు. గర్భిణి బరువు, రక్తం శాతం, చంటిబిడ్డకు వేసిన టీకా, ముసలాయన బి.పి., ముసలమ్మ షుగరు అన్నీ ఆమె రాసుకుంటుంది. ఒకప్పుడు రిజిస్టరులో రాసేది. ఇప్పుడు ట్యాబులోనో, ఫోనులోనో నొక్కుతోంది.

ఆ ఫోనులో వున్న లెక్కల పద్ధతి కూడా ఒక సరుకే. దాన్ని తయారు చేసేవారున్నారు, అమ్మేవారున్నారు, కొనేవారున్నారు. ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే సంస్థల కోసం ఇటువంటి పద్ధతులు తయారు చేసి అమ్మడం ప్రపంచంలో ఇప్పుడు పెద్ద వ్యాపారం. ఈ వ్యాపారంలో ఒక చిత్రం వుంది. కొనేవారు దాన్ని వాడరు. వాడేవారు కొనరు. ఎవరి వొంటి సంగతులు అందులోకి ఎక్కుతున్నాయో వారిని ఎవరూ అడగరు. విత్తనం మొలవకపోతే రైతు మరుసటేడు కొట్టు మారుస్తాడు. నర్సమ్మకు ఆ వీలు లేదు. పైనుంచి ఏది ఇస్తే దానితోనే నెట్టుకు రావాలి.

నల్లగొండ జిల్లాలో చేతి యంత్రం

ఈ సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు గరిడేపల్లి మండలం నల్లగొండ జిల్లాలోదే. ఆ వుమ్మడి జిల్లాలో 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లోనే ఎ.ఎన్.ఎం.లకు అరచేతిలో ఇమిడే కంప్యూటర్లు ఇచ్చి చూశారు. అప్పటికి పల్లెల్లో సెల్‌ఫోను మోగితేనే వింత. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలోని ఇన్ఫోడెవ్ అనే కార్యక్రమం అండగా నిలిచింది. సి.ఎం.సి. అనే సంస్థ ఆ పద్ధతిని తయారు చేసింది.

ఎందుకు ఇచ్చారో తెలుసుకుంటే ఇప్పటి కష్టం కూడా అర్థమవుతుంది. మైదాన ప్రాంతంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రం కింద 5,000 మంది జనాభా వుండాలని లెక్క. ఆ జనమంతా ఒక్క వూళ్లో వుండరు. నాలుగైదు పల్లెలు, వాటి శివార్లు, తండాలు తిరగాలి. టీకాలు వేయాలి, కాన్పులు కనిపెట్టాలి, కుటుంబ నియంత్రణ గురించి చెప్పాలి. ఇదంతా చేస్తూనే రాయాలి. ఎ.ఎన్.ఎం.కు నెలలో 15 నుంచి 20 రోజులు వివరాలు సేకరించి రిజిస్టర్లకు ఎక్కించడానికే పోతున్నాయని ఆ ప్రయోగం గురించి వెలువడిన పత్రాలు చెప్పాయి. చేతి యంత్రం వాడితే ఆ సమయంలో 40 శాతం దాకా మిగులుతుందని అంచనా కట్టారు. ఒకే గర్భిణి పేరు ఒక రిజిస్టరు నుంచి ఇంకో రిజిస్టరులోకి, అక్కడి నుంచి నెలవారీ నివేదికలోకి ఎక్కించే పని తప్పుతుందన్నది లెక్క.

నెలలో సగం రోజులు రాతకే పోతే సూది వేసేది ఎప్పుడు, చెయ్యి పట్టి చూసేది ఎప్పుడు?

నల్లగొండకు ముందు రాజస్థాన్‌లోని అజ్మీరు జిల్లాలో ఇటువంటి ప్రయత్నమే జరిగింది. 1990ల నడుమ అమెరికాకు చెందిన ఆపిల్ కంపెనీ తన ‘న్యూటన్’ అనే చేతి యంత్రాన్ని అక్కడి నర్సుల కోసం మలిచి చూసింది. 1998లో ఆ కంపెనీయే న్యూటన్ తయారీ మానేసింది. అంగట్లో ఆ యంత్రం పోలేదు గనుక ఆపేశారు. అజ్మీరు నర్సమ్మకు పనికొచ్చిందా లేదా అన్న సంగతి చూసుకుని కాదు. ఇక సి.ఎం.సి. కథ మరొకటి. అది 1970లలో పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2001లో టాటాల చేతికి వెళ్లింది. 2015లో టి.సి.ఎస్.లో కలిసిపోయింది. నల్లగొండ ప్రయోగం ప్రయోగంగానే మిగిలింది. 2009లో తల్లీబిడ్డల వివరాలకు కేంద్రం కొత్త పద్ధతి తెచ్చినప్పుడు ఎ.ఎన్.ఎం. మళ్లీ కాగితం మీదే రాసింది. ఆ రాతను ఆసుపత్రి కంప్యూటర్లోకి ఎక్కించారు.

రిజిస్టర్లు పోయి యాప్‌లు వచ్చె

ఇప్పుడు కాగితం తగ్గిన మాట నిజమే. రాత తగ్గిందా అంటే అంతు చిక్కదు. గర్భిణులకు, పిల్లలకు ఒక పద్ధతి వుంది. ముప్పయ్యేళ్లు దాటినవారి బి.పి., షుగరు, కేన్సరు పరీక్షలకు 2018లో వేరే పద్ధతి వచ్చింది. దాని తయారీకి డెల్ కంపెనీ, టాటా ట్రస్టులు తోడ్పడ్డాయి. క్షయ రోగులకు ‘నిక్షయ్’ వుంది. టీకాలకు ‘యు-విన్’ 2024లో దేశమంతటికీ వచ్చింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క కార్యక్రమం కోసం, ఒక్కొక్క విభాగం తన లెక్క కోసం పెట్టుకున్నది. ఒకే ఇంట్లో కోడలు గర్భిణి, మామకు షుగరు, బిడ్డకు టీకా అనుకుంటే ఆ ఒక్క గడపలో నిలబడి నర్సమ్మ మూడు తలుపులు తెరవాలి. నల్లగొండ యంత్రం తప్పించాలనుకున్న తిప్పలు ఇవే. పైగా ‘సిగ్నలు లేకపోతే ఎట్లా’ అని పక్కన నోటు పుస్తకం పెట్టుకోవడం ఎక్కడా పూర్తిగా పోలేదు.

కొనేవారి అవసరం వేరు గనుకే ఇట్లా జరుగుతుంది. హైదరాబాదులోని కార్యాలయానికి, ఢిల్లీలోని కార్యాలయానికి కావలసింది జిల్లా మొత్తంలో ఎందరికి ఏమి అందిందన్న అంకె. ఆ అంకె చక్కగా కనిపిస్తే సరుకు మంచిదే. మామ షుగరు పోయిన మూడు నెలల్లో పెరిగిందా తగ్గిందా అని ఇంటి ముందు నిలబడి చూసుకోవలసింది నర్సమ్మ. పద్ధతిని పాస్ చేసేటప్పుడు ఆమె మాట వినేవారు తక్కువ.

పట్నంలో సంగతి కొంచెం వేరు. హైదరాబాదులో అపోలో హోమ్‌కేర్, పోర్టియా వంటి సంస్థలు డబ్బు తీసుకుని ఇంటికే నర్సును పంపుతాయి. అక్కడ డబ్బు కట్టేది ఇంటివారు. నర్సు వచ్చిందా, ఏ మందు ఇచ్చింది అన్నది వారికి చెప్పక తప్పదు. చెప్పకపోతే మరో సంస్థను పిలుస్తారు. గరిడేపల్లి, కీతవారిగూడెం, గడ్డిపల్లి వంటి వూళ్లలో ఇంటికి వచ్చే వైద్యమంటే నూటికి నూరుపాళ్లు కాకపోయినా చాలావరకు ప్రభుత్వపు ఆశ, ఎ.ఎన్.ఎం.లే.

అమెరికాలో జరిగింది

ఈ వ్యాపారం అన్నిటికంటే ముదిరింది అమెరికాలో. అక్కడ 65 ఏళ్లు దాటినవారికి ‘మెడికేర్’ అనే ప్రభుత్వ బీమా వుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ముసలివారి దగ్గరకు నర్సును పంపే సంస్థలకు ఆ బీమా డబ్బు కడుతుంది. 1999లో ఆ ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. రోగి లేవగలడా, స్నానం చేసుకోగలడా, పుండు మానుతోందా వంటి ప్రశ్నల పట్టికను ప్రతి రోగికీ నింపి కంప్యూటరు ద్వారా పంపాలన్నారు. మరుసటేడు, 2000 అక్టోబరు నుంచి, ఎన్నిసార్లు వెళ్లారన్న లెక్క తీసేసి 60 రోజులకు ఇంత అని కట్టడం మొదలుపెట్టారు. ఆ పట్టికలో వున్నదాన్ని బట్టే ఎంత కట్టాలో తేలుతుంది. 2020 జనవరి నుంచి 60 రోజులు పోయి 30 రోజుల లెక్క వచ్చింది.

పట్టిక తప్పితే డబ్బు తప్పుతుంది. అటువంటప్పుడు ఏ సంస్థ అయినా కాగితాన్ని నమ్ముకుని వుండగలదా? పద్ధతులు అమ్మే కంపెనీలకు గిరాకీ వచ్చింది. 1999లో డల్లాస్‌లో మొదలైన ‘హోమ్‌కేర్ హోమ్‌బేస్’ వంటివి అట్లా పెరిగినవే. అక్కడి నర్సు రాసిన పత్రాలు చదివి రోగాలకు సంకేతాలు వేసే పని కొంత హైదరాబాదులోని మెడికల్ కోడింగ్ ఆఫీసుల్లో మన పిల్లలు చేస్తున్నారు. టెక్సాస్‌లో ముసలమ్మ కాలి పుండు సంగతి మాదాపూరులో తెలుస్తుంది.

2016లో అమెరికా మరో చట్టం చేసింది. ఏ పని చేశారు, ఎవరికి, ఎవరు, ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్ని గంటలకు ముగించారు అన్న ఆరు సంగతులు యంత్రం ద్వారానే నమోదు కావాలన్నారు. పేదల బీమా కింద ఇంటికి వెళ్లే నర్సులకు అది 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. దొంగ బిల్లులు ఆపడానికని చెప్పారు. తాము ఎక్కడున్నదీ కనిపెట్టే యంత్రాన్ని మా ఇళ్లలోకి ఎందుకు తెస్తారని అక్కడి వికలాంగులు నిలదీశారు.

ఇక్కడ ఆ నియమం వస్తే ఏమవుతుంది? సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాక ఇళ్లకు తాళాలే. నర్సమ్మ చేను గట్టు మీదకు వెళ్లి బి.పి. చూసి బిళ్లలు ఇస్తే, ఇల్లు వున్నచోట ఆమె లేదని యంత్రం రాసుకుంటుంది. చేసిన పని లెక్కలో లేకుండా పోతుంది.

రాతకూ రూపాయికీ ముడి

రాతకు డబ్బు ముడిపెట్టడం ఇక్కడా వుంది. పుట్టిన బిడ్డను చూడటానికి ఆశ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లాలి. 2011లో వచ్చిన ఈ కార్యక్రమంలో అన్నిసార్లూ వెళ్లి పత్రం నింపితే ఆమెకు ప్రోత్సాహకంగా 250 రూపాయలు అని కేంద్రం నిర్ణయించింది. నింపని పత్రానికి పైసా రాదు. 2017 జూన్‌లో తెలంగాణలో కె.సి.ఆర్. కిట్ పథకం మొదలైనప్పుడు ఈ ముడి తల్లి దాకా వచ్చింది. సర్కారు దవాఖానాలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇస్తామన్నారు. గర్భిణి పేరు, పరీక్షలు, టీకాలు కంప్యూటరులోకి ఎక్కితేనే విడత పడేది. ‘నా పేరు ఎక్కిందా?’ అని తల్లులు నర్సమ్మను అడగడం ఆ పథకంతో పెరిగింది. పద్దు విలువ జనానికి తెలిసిన సందర్భం అదొక్కటే అనవచ్చు.

అయితే పద్దు ఎక్కడ తెగుతుందో కూడా కాన్పుల దగ్గరే కనిపిస్తుంది. ఆడపిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. మెట్టిల్లు గరిడేపల్లిలో, పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు వున్నవారు ఎందరో. 2014 నుంచి అది వేరే రాష్ట్రం. ఏడో నెల దాకా ఇక్కడి నర్సమ్మ రాసినది అక్కడి నర్సమ్మకు అందాలంటే తల్లికి ఇచ్చిన ఆర్.సి.హెచ్. నంబరుతో వెతకాలి. నంబరు చేతిలో లేకపోతే కొత్తగా మళ్లీ మొదలే. రక్తం తక్కువని ఐదో నెలలో రాసిన ముక్క కాన్పు గదిలో ఎవరికీ తెలియదు. అటువంటి చోట ప్రాణం నిలిపేది తరచు తల్లీబిడ్డల రక్షణ కార్డు అనే ఆ కాగితమే. దాన్ని ఏ కంపెనీ అమ్మలేదు. అది ఎవరి గురించో వారి చేతిలోనే వుంటుంది. నర్సమ్మ ఫోనులో నొక్కి, తొందరలో కార్డు మీద రాయడం మరచిపోతే మాత్రం ఆ అండ కూడా పోతుంది.

అంతా ఒకచోట చేరితే

వివరాలన్నీ ఒకచోటికి చేరితే మేలు వున్నట్టే ముప్పూ వుంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లను సైబర్ దొంగలు స్తంభింపజేశారు. దేశంలోకెల్లా పెద్ద పేరున్న ఆసుపత్రిలో రోజుల తరబడి చీటీలు చేత్తో రాశారు. అమెరికాలో 2024 ఫిబ్రవరిలో బిల్లులు చూసే ‘చేంజ్ హెల్త్‌కేర్’ సంస్థ మీద జరిగిన దాడిలో సుమారు 19 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. ఇళ్లకు నర్సులను పంపే సంస్థలకు కూడా బిల్లుల డబ్బు ఆగింది.

మన దేశంలో 2021 సెప్టెంబరు 27న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ‘ఆభా’ నంబరు ఇస్తున్నారు. ఏ ఆసుపత్రిలో రాసినదైనా ఆ నంబరుకు ముడిపడి, ఆ మనిషి సరేనంటేనే మరొకరికి కనిపించాలన్నది నియమం. నంబరు తీసుకోవడం తప్పనిసరి కాదు. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన భాగాలు అమలుకు రావడానికి ఆ నియమాలు 18 నెలల గడువు ఇచ్చాయి. తన గురించి ఏమి రాసి పెట్టుకున్నారో అడిగే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు మనిషికి ఆ చట్టంలో వున్నాయి.

సరేననడం అంటే ఫోనుకు వచ్చే ఓ.టి.పి. చెప్పడం. పల్లెల్లో చాలా ఇళ్లకు ఫోను ఒకటే. అది కొడుకు జేబులో మిర్యాలగూడకో, కోదాడకో పోయి వుంటుంది. పగటిపూట ఆశమ్మ ఇంటికి వచ్చి నంబరు అడిగితే ముసలివారు కొడుక్కి ఫోను చేయించి, వచ్చిన అంకెలు చదివించుకుని ఆమెకు చెబుతున్నారు. ఆ అంకెలు దేనికి ఒప్పుకున్నట్టో చెప్పే తీరిక ఆమెకు వుండదు. పక్క ఇంట్లో కూడా అదే పని ఆమె కోసం కాచుకుని వుంటుంది.