కంఠస్థ విద్యకు లొంగని న్యాయ ప్రవేశ పరీక్ష

ఇంటర్మీడియట్‌లో తొంభై శాతం మార్కులు తెచ్చుకున్నవారు సైతం ‘క్లాట్’ నమూనా ప్రశ్నపత్రం ముందు తొలిసారి కూర్చున్నప్పుడు తెల్లబోవడం కద్దు. అందుకు కారణం పాఠ్యాంశాల భారం కాదు. ఏళ్ల తరబడి అలవాటైన చదువు అక్కడ చెల్లుబాటు కాకపోవడమే.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఒకప్పుడు వేటికవే ప్రవేశ పరీక్షలు నిర్వహించుకునేవి. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కిన దరిమిలా 2008లో ఏడు విశ్వవిద్యాలయాలు ఉమ్మడి పరీక్షను ప్రారంభించాయి. హైదరాబాదులోని నల్సార్ వాటిలో ఒకటి. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఆ తర్వాత చేరింది. తొలినాళ్లలో ప్రశ్నలు 200. లాటిన్ న్యాయపదాలు, పురస్కార గ్రహీతల పేర్లు వల్లె వేసినవారికి ఎంతో కొంత ఫలితం దక్కేది. 2020లో పద్ధతి మారింది. ప్రశ్నలు 150కి, 2023 డిసెంబరు పరీక్షతో 120కి తగ్గాయి. వ్యవధి రెండు గంటలే. సంఖ్య తగ్గిందని ఊరట చెందడానికి లేదు. ఒక్కొక్కటి 450 పదాల దాకా సాగే గద్యభాగాలను చదివితేనే జవాబు దొరుకుతుంది. తప్పు జవాబుకు పావు మార్కు కోత.

అందరినీ తికమక పెట్టేది న్యాయ తార్కిక విభాగం. దుకాణంలో వస్తువుకు ధర చీటీ తగిలించడమే అమ్మకానికి ప్రతిపాదన అవుతుందని గద్యభాగం చెప్పిందనుకుందాం. కాంట్రాక్టు చట్టం చదివినవారికి అది పొరపాటని తెలుసు. అయినా గద్యభాగం చెప్పిన సూత్రాన్నే వర్తింపజేయాలి. తెలిసిన విషయాన్ని కాసేపు పక్కన పెట్టడం మన విద్యార్థులకు ఎవరూ నేర్పని విద్య!

రోజూ ఒక ఆంగ్ల సంపాదకీయం చదివి, రచయిత వాదన ఏమిటో, దానికి ఆధారమేమిటో రెండు వాక్యాల్లో రాసుకోవడం మంచి ఆరంభం. వర్తమాన వ్యవహారాల్లోనూ తేదీల కంటే పూర్వాపరాలే ముఖ్యం. నమూనా పరీక్ష రాయడానికి పట్టిన రెండు గంటలకు రెట్టింపు సమయం తప్పుల పరిశీలనకు కేటాయించాలి. సరిగా చదవక తప్పిందా, తొందరపడి తప్పిందా, ఊహించి గురి తప్పిందా అన్నది విడివిడిగా గుర్తించాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది కనుకనే చాలామంది మరో నమూనా పత్రం అందుకుంటారు. గణితానికి పదో తరగతి శాతాలు, నిష్పత్తులు చాలు.

అసలు చిక్కు తెలుగు మాధ్యమం విద్యార్థులది. రాష్ట్ర స్థాయి లాసెట్‌ను తెలుగులో రాయవచ్చు. క్లాట్ మాత్రం ఆంగ్లంలోనే. ప్రాంతీయ భాషల్లోనూ జరపాలంటూ 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఆలోచనా శక్తిని కొలవవలసిన పరీక్ష ఆంగ్ల పఠన వేగాన్నీ కొలుస్తున్నదన్న ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. ఈ పరిస్థితిలో ఆఖరి రెండు నెలల కోచింగుపై ఆశ పెట్టుకోవడం కంటే ఇంటర్ మొదటి ఏడాది నుంచే రోజుకు అరగంట ఆంగ్ల పఠనం మేలు. అందుకు కావలసినదల్లా ఊరి గ్రంథాలయంలో ఒక ఆంగ్ల దినపత్రిక, ఒక నోటు పుస్తకం.