ప్రకటితమైనదంతయు ప్రమాణమా?

అచ్చులో కనబడిన మాటకు నోటిమాటకు లేని గౌరవము లభించును. లోకమందలి కంప్యూటర్లను ఒకదానితో నొకటి మాటాడించు ఇంటర్నెట్టు నియమముల విషయమున ఈ గౌరవము చిత్రమైన చిక్కులు తెచ్చిపెట్టినది.

1969 ఏప్రిల్ 7వ తేదీన, లాస్ ఏంజిలిస్‌లో చదువుచున్న స్టీవ్ క్రాకర్ అను విద్యార్థి ఒక చిన్న పత్రము వ్రాసి, 'అభిప్రాయములకై మనవి' అను అర్థమిచ్చు పేరు పెట్టెను. శాసించుటకు మేమెవరమను సంకోచము ఆ పేరులోనే యున్నది. ఆంగ్లనామపు పొడియక్షరములతో దీనిని ఆర్.ఎఫ్.సి. అందురు. నేడు ఇట్టివి 9,000కు పైగా కలవు.

చిక్కంతయు వాని సంఖ్యలలోనే యున్నది. ప్రమాణముగా నంగీకరింపబడినదియు, సమాచారమునకై వెలువడినదియు, ప్రయోగార్థమైనదియు ఒకే వరుసలో సంఖ్యలు పొందును. 1990 ఏప్రిల్ 1న, పావురముల కాళ్ళకు కాగితములు చుట్టి సందేశములు పంపు పద్ధతి 1149వ సంఖ్యతో వెలువడెను. తేదీ చూచినవారు నవ్వుకొనిరి. 2001లో నార్వేలోని బెర్గెన్ నగరమున కొందరు దానిని నిజముగనే పరీక్షించిరి. పంపిన 9 సందేశములకు 4 బదుళ్ళు వచ్చినవి! హాస్యమునకును సంఖ్య లభించునపుడు సంఖ్యయే అధికారమనుకొనుట ఎట్లు? ఆర్.ఎఫ్.సి.లన్నియు ప్రమాణములు కావని చెప్పుటకే 1995లో 1796వ పత్రమును ప్రకటింపవలసివచ్చినది. ఆ హెచ్చరికయు ప్రమాణము కాదు, సమాచారము మాత్రమే.

ఇక రెండవ వైపు చూడుడు. ప్రమాణపదవికి 1996 నాటి నియమముల ప్రకారము మూడు మెట్లుండెడివి. 2011లో రెండు చేసిరి. మొదటిది 'ప్రతిపాదిత ప్రమాణము'. పెక్కు పత్రములు అచ్చటనే నిలిచిపోవును. పని సాగుచుండగా పట్టాకై తిరుగువారెవరు? వెబ్ పుటలను మనకు చేర్చు హెచ్.టి.టి.పి. సంగతియే చూడుడు. దాని 1.0 రూపము 1996లో సమాచారపత్రముగనే వెలువడినది, 1.1 రూపము 1999లో నడిమి మెట్టు చేరినది. కడపటి మెట్టెక్కినది 2022లో. ఈలోపల లోకవ్యాపారమెంతయో దానిమీదనే నడచినది. కనుక 'ప్రతిపాదితము' అను పేరు చూచి పచ్చిదని త్రోసిపుచ్చుటయు పొరపాటే. తొల్లిటికంటె నేటి ప్రతిపాదిత ప్రమాణములు ఎక్కువ పరిశీలనకు లోనగుచున్నవని 2014లో 7127వ పత్రము స్పష్టపరచినది.

ముసాయిదాల తీరు వేరు. వానిని ఎవరైనను సమర్పింపవచ్చును; ఆరు మాసములకు వాని గడువు తీరును. అట్టిదానిని చూపి మా యంత్రము నియమబద్ధమైనదని చెప్పు వర్తకుని మాట నమ్మి సొమ్ము చెల్లించినవాడు, రేపు ఆ నియమము మారినచో ఎవరినడుగును?

పత్రపు మొదటి పుటలోనే దాని స్థితిని తెలుపు పేరా ఒకటి యుండును. కాని ప్రకటితమైన పత్రమున విషయము మార్పరు. తరువాత అది పై మెట్టెక్కినను, వేరొకటి వచ్చి దానిని త్రోసిరాజన్నను ఆ పుటలో కానరాదు. అందుకు సంపాదకుల సూచికనే చూడవలెను.