గ్లాసులు ఒక్కటైనయ్.. మరి బెంచీల సంగతేంది?

కాఫీ మీద రాసేటోళ్లు మద్రాసు ఫిల్టర్ గురించో, అరకు తోటల గురించో చెప్తరు. జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు మాత్రం ముచ్చటంతా చాయ్‌దే. ఇంటికొచ్చిన మనిషిని ‘చాయ్ తాగి పో’ అంటం. చిన్న లంచానికి సుత ‘చాయ్ పైసలు’ అనే పేరు పెట్టుకున్నం. అట్లని ఇదేమీ తాతల కాలం నాటి అలవాటు కాదు. 1930లల్ల విదేశాలకు పోవాల్సిన తేయాకు అమ్ముడుపోక మిగిలితే, ఆ వ్యాపారుల బోర్డు దేశమంతా తిరిగి జనాలకు చాయ్ పోసి రుచి మరిగిపిచ్చింది. అటు హైదరాబాద్‌ల ఇరానీ హోటళ్లు ఉండనే ఉన్నయ్.

మన ఊర్లల్ల హోటల్ అంటే బువ్వ పెట్టే జాగ కాదు. నాలుగు బెంచీలు, ఒక పొయ్యి, పొద్దుగాల్నే మరిగే పాలు. పేపర్ ఒకలు చదువుతుంటే నలుగురు వింటరు. జనగామ మార్కెట్‌ల వడ్ల ధర ఎంత పలికింది, కేసముద్రంల మిర్చి కాంటా ఎప్పుడైతది అన్న లెక్కలన్నీ ఆడ్నే తేలుతయ్. భూపాలపల్లిల అయితే బాయి షిఫ్టు దిగినోళ్లు, ఎక్కేటోళ్లు చాయ్ కాడ్నే కలుస్తరు. కూలీ మాటలు, పెండ్లి మాటలు, ఎలక్షన్ల మాటలు అన్నీ ఆడ్నే. ఆడోళ్లు మాత్రం ఆ బెంచీల మీద కనవడరు. ఊరి కచ్చేరి అని మనం గొప్పగ చెప్పుకునే జాగల సగం ఊరు లేదు. గది వేరే వ్యాసం.

గసొంటి హోటళ్లల్లనే మన తెలుగు ఊర్లల్ల చానా ఏండ్లు రెండు గ్లాసులు నడిచినయ్. దళితుల గ్లాసులు బయట గోడ మీదనో, చూరుకో ఉండేటియి. తాగినంక ఎవలది వాళ్లే కడిగి మళ్ల ఆడ్నే పెట్టాలె. నిలవడో, కింద కూసుండో తాగాలె. హోటలాయన గూడ పేదోడే. ‘నాకేం లేదు, ఊరోళ్లు తాగుడు బంద్ చేస్తే నా గతేంది?’ అనేటోడు. గా భయంతోనే ఆ పద్ధతి గట్టిగ నిలవడ్డది. రాజ్యాంగం 17వ ఆర్టికల్‌తోని అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటల్ల గిన్నెలు, గ్లాసులు వాడనియ్యకుంటే నెల నుంచి ఆర్నెల్ల దాకా జైలు అని 1955 పౌరహక్కుల చట్టం చెప్పింది. 2016 జనవరి 26 నుంచి అమలైన అట్రాసిటీ చట్టం సవరణతోని ఈ శిక్ష ఆర్నెల్ల నుంచి అయిదేండ్ల దాకా ఉంటది.

చట్టం, దళిత సంఘాల కొట్లాట ఊర్లను చానా మార్చినయ్. ఆఖరుకు మిగిలిన గ్లాసులను మాత్రం ఎత్తేసింది వాడి పారేసే కప్పు. నీళ్లు మిగులుతయ్, కడిగే మనిషి అక్కర లేదు, కరోనా భయం తోడైంది. ఇప్పుడు అందరికీ ఒకటే పేపర్ కప్పు. బాగనే ఉన్నది. కని గమనించుండ్రి, ఆ కప్పుతోని ఎవలి ఎంగిలి ఎవలూ ముట్టాల్సిన అక్కర్నే లేకుంట పోయింది. మనసు మారిందా లేదా అనే పరీక్షనే ఎగిరిపోయింది. కప్పు పట్టుకొని లోపల బెంచి మీద ఎవలు కూసుంటున్నరు, రోడ్డు మీద చెట్టు కింద ఎవలు నిలవడుతున్నరు? జెర సేపు సూస్తే ఎరికైతది.

ఇండ్లల్ల సంగతి ఇంకో తీరు. నాట్లకొచ్చిన కూలోళ్లకు చాయ్ దేంట్ల పోస్తున్నరు, ఇంటికొచ్చిన సుట్టానికి దేంట్ల పోస్తున్నరు? హోటల్ గ్లాసు గురించి చట్టం చెప్పింది గని, ఇంట్ల అలమారల గ్లాసు గురించి చెప్పలే.

ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. పేపర్ కప్పుకు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటది. వంద మిల్లీలీటర్ల వేడి చాయ్ పావుగంట అందుల ఉంటే, ఇంచుమించు 25 వేల ప్లాస్టిక్ రేణువులు కలుస్తయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020ల తేల్చిన్రు. అంటే గాజు గ్లాసు, స్టీల్ గ్లాసు మళ్ల రావాలె. పానానికి అదే మంచిది. అయితే ఆ గ్లాసులు వచ్చిననాడు గోడ మీద ఇంకో వరుస లేస్తదా లేదా అన్నదే నా రంది.

ప్రతి నెల 30న ఊర్లల్ల పౌరహక్కుల దినం పెడ్తరు. తహసీల్దారు, ఎస్సై వస్తరు. ‘ఈడ రెండు గ్లాసుల పద్ధతి ఉన్నదా?’ అని అడుగుతరు, ‘లేదు సార్’ అని జవాబొస్తది, సంతకాలైతయ్. గా మీటింగ్ పంచాయతీ ఆఫీసుల ఎందుకు? హోటల్ కాడ పెట్టుండ్రి. సార్లు, సర్పంచ్, వాడోళ్లు, ఊరోళ్లు ఒకటే బెంచి మీద కూసొని, కడిగిన గాజు గ్లాసులల్ల చాయ్ తాగుండ్రి. ఆడోళ్లను సుత పిలువుండ్రి. పైసలు పంచాయతీ నుంచి ఇస్తే హోటలాయన గూడ కాదనడు.